గేటు వేసేశాక బయట నిలబడ్డ పిల్లోడు ఎవరి బాధ్యత?

భవానీనగర్_అమ్మ
మా వాడు తొమ్మిదో తరగతి. తిరుపతిలోనే ప్రైవేటు హైస్కూలు, పేరు వద్దులెండి. ప్రార్థన 8:45కి. మొన్న మంగళవారం రాయలచెరువు రోడ్డు రైల్వే గేటు పడింది. ఒక రైలు పోయింది కదా అనుకుంటే వెనకే ఇంకోటి. వాడు సైకిలు తొక్కుకుంటూ పోయేసరికి 8:51. స్కూలు గేటుకు తాళం. వాచ్‌మన్‌ని అడిగితే "రూలు బాబూ" అన్నాడంట, అంతే. వీడితో కలిపి బయట ఎనిమిది మంది. అందులో ఇద్దరు ఆరో తరగతి పిలకాయలు. బస్సులు, టిప్పర్లు పోయే రోడ్డు పక్కన తొమ్మిదిన్నర దాకా ఎండలో నిలబడ్డారు. అప్పుడు ఒక సారు వచ్చి "ఇళ్ళకు పోండి, రేపు పేరెంట్స్‌ని తీసుకురండి" అని పంపేశారు.

నాకు ఫోన్ రాలేదు, మెసేజ్ రాలేదు. నేను ఆఫీసులో ఉన్నా. సాయంత్రం ఇంటికొచ్చాక వాడు చెప్తే తెలిసింది, పొద్దున పదింటి నుంచి ఒక్కడే ఇంట్లో ఉన్నాడని.

జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. 34 రూల్సు. అన్నీ చదివే ఓపిక ఎవరికుంది, పెట్టేశా. ఇప్పుడు తీసి చదివితే 11వది, లేటైతే లోపలికి రానివ్వం అని. చివరిది, స్కూలు ఆవరణ బయట ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు అని. రెండూ కలిపి చదువుకోండి. బయట నిలబెట్టేదీ వాళ్ళే, బయట జరిగేదానితో సంబంధం లేనిదీ వాళ్ళకే.

లేటు తప్పే, కాదనను. శిక్ష వెయ్యండి. కానీ రోడ్డు మీద వదిలెయ్యడం ఏం డిసిప్లిన్? మీ పిల్లల స్కూళ్ళలో ఎలా ఉంది? నేను వెళ్ళి మాట్లాడాలంటే ఏమని అడగాలి?

పాకాల_ప్యాసింజర్
స్కూలు గేటు కన్నా రైల్వే గేటే నయం. ఎంత లేటైనా తెరుస్తారు.

చిత్తూరు_మామిడి
నేను స్కూలు పక్షం. రైల్వే గేటు పడుతుందని తెలిసినప్పుడు పావుగంట ముందు బయల్దేరాలి. మేము మురకంబట్టు అవతల నుంచి నడిచి చిత్తూరు హైస్కూలుకు పోయేవాళ్ళం. లేటైతే చింతబరికెతో పిక్కల మీద. అందుకే ఒక్కరోజు కూడా లేటు కాలేదు.

పాకాల_ప్యాసింజర్
ఒక్కరోజు కూడా లేటు కాని మనిషికి బరికె పిక్కల మీద పడుతుందని ఎలా తెలిసింది అన్నా?

చిత్తూరు_మామిడి
లెక్కలు రాక తిన్నా. అది వేరే కేసు.

కొర్లగుంట_ఆటో
నేను స్కూలు ఆటో తోల్తా. ఈ లేటు సంగతి నన్నడగండి. ఒక ఇంటి ముందు హారన్ కొడితే పాప ఇంకా జడ వేయించుకుంటా ఉంటాది. ఇంకో ఇంట్లో ఒక బూటు కనపడదు. ఒకడి బూటు కోసం తొమ్మిది మంది లేటు. గేటు వేసేస్తే ఆ తొమ్మిది మందిని నేనేం చేయాల? అందరినీ మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపితే సగం ఇళ్ళకు తాళాలు. ఒకసారి పన్నెండు దాకా ఆటోలోనే పెట్టుకుని తిప్పినా. డీజిల్ ఎవురిస్తారు.

బెంగుళూరు_బస్సు
ఒక ఆటోలో తొమ్మిది మందా అన్నా? సేఫ్టీ గురించే కదా మాట్లాడుతున్నాం.

కొర్లగుంట_ఆటో
నెలకు ఆరొందలు ఇస్తామని బేరమాడేది మీరే, తొమ్మిది మందా అని అడిగేదీ మీరే.

లెక్కల_మేడమ్
టీచర్ వైపు నుంచి కూడా ఎవరైనా చెప్పాలి కాబట్టి నేనే చెప్తా. మాది చిత్తూరులో ప్రైవేటు స్కూలు. నా తొమ్మిదో తరగతిలో 52 మంది. మొదటి పీరియడ్ నాదే. గేటు తెరిచి ఉంచిన రోజుల్లో ఆ పీరియడ్‌లో తలుపు దగ్గర "మే ఐ కమిన్" పదిసార్లు వినపడేది. బోర్డు మీద సిద్ధాంతం సగంలో ఉంటుంది, తిరిగి చూస్తే 52 తలకాయలు తలుపు వైపు. నలభై నిమిషాల్లో పది నిమిషాలు పోతాయి. సిలబస్ కాకపోతే మళ్ళీ ఈ తల్లిదండ్రులే అడుగుతారు.

ఇంకోటి, మేము మూడుసార్లు లేటైతే సగం రోజు జీతం కట్. మా రైల్వే గేటు సంగతి ఎవరూ వినరు.

కానీ బయట నిలబెట్టడం తప్పు. ఇది ఒప్పుకోవాలి. మా దగ్గర కూడా పోయినేడు అదే రూలు ఉండేది. ఆరో తరగతి పిల్లను వాచ్‌మన్ ఆపేస్తే గేటు కమ్మీలు పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. నేను స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూస్తున్నా. తాళం చెవి ప్రిన్సిపాల్ దగ్గర. పోయి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఉద్యోగం ప్రొబేషన్‌లో ఉంది.

భవానీనగర్_అమ్మ
మేడమ్, మీరు చెప్పిన తీరుకు కోపం పోయింది. పది నిమిషాలు పోతాయన్నది కరెక్టే. పీరియడ్ అయిపోయేదాకా లోపల ఎక్కడైనా కూర్చోబెట్టండి అంటున్నా, అంతే.

టెన్త్_బ్యాచ్_బాబు
స్టూడెంట్‌గా ఒక్క మాట. పేరు అడగొద్దు, మా నాన్న కూడా ఈ గ్రూపులో ఉన్నాడేమో. ఈ రూలు వచ్చాక మేము నేర్చుకున్నది ఒకటే. ఐదు నిమిషాలు లేటైతే గేటు దాకా కూడా పోవద్దు. పోతే పేరెంట్స్‌ని తెమ్మంటారు. పోకపోతే ఆబ్సెంట్, రేపు జ్వరమని లెటర్. మా క్లాసులో ఒకడి దగ్గర ముందే రాసి పెట్టుకున్న లెటర్లు నాలుగు ఉన్నాయి. తేదీ ఒక్కటే ఖాళీ.

పాకాల_ప్యాసింజర్
వాడు పెద్దయ్యాక రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌లో బాగా పైకొస్తాడు.

కొండకింద_నాన్న
టెన్త్ బాబు చెప్పినది మా ఇంట్లో జరిగింది. మా అబ్బాయి ఎనిమిదిలో ఉన్నప్పుడు గేటు దగ్గర ఆపేశారు. ఇంటికొస్తే వాళ్ళమ్మ తిడుతుందని రాలేదు. మేమేమో స్కూల్లో ఉన్నాడనుకున్నాం, స్కూలు వాళ్ళు ఇంట్లో ఉన్నాడనుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి మా తమ్ముడు అటు పోతూ కపిలతీర్థం దగ్గర చూశాడు, యూనిఫాం, బ్యాగు, పల్లీల పొట్లం. ముందు రోజు రాత్రి వాన పడింది, జలపాతం బాగా దూకుతోంది. కోనేటి గట్టు మీద కూర్చుని చూస్తున్నాడంట. వాడికేమీ కాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ నీళ్ళ చప్పుడు వింటే కడుపులో తిప్పుతుంది.

పొద్దున 8:50 నుంచి మూడింటి దాకా, ఆరు గంటలు, వాడు ఎవరి లెక్కలోనూ లేడు.

వకీలు_చంద్రగిరి
ఏమని అడగాలి అని మొదటి పోస్టులో ఉంది కాబట్టి చట్టం సంగతి చెప్తా. కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

మొదట ఆ 34వ రూలు. సంతకం పెట్టాను అని భయపడొద్దు. చట్టం నెత్తిన పెట్టిన బాధ్యత ఒక కాగితం మీద సంతకంతో దిగిపోదు. అలా దిగిపోయేటట్టయితే దేశంలో ప్రతి ఆఫీసూ ముందు ఆ కాగితమే అచ్చు వేయించుకుంటుంది.

రెండోది. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 17 ప్రకారం పిల్లలను శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా బడి నుంచి తీసెయ్యకూడదు. టీసీ ఇచ్చేస్తాం అని బెదిరించే వాళ్ళకు ఇది గుర్తు చెయ్యండి. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. మీ అబ్బాయి తొమ్మిదో తరగతి కాబట్టి అటూ ఇటూ వాదన వస్తుంది. కానీ మీరు చెప్పిన ఆ ఇద్దరు ఆరో తరగతి పిల్లల విషయంలో వాదనకే చోటు లేదు. మీ దగ్గరున్న గట్టి పాయింటు వాళ్ళే. ఇక కొట్టడం అంటారా, మన రాష్ట్రంలో 2002లోనే జీవో 16తో దాన్ని నిషేధించారు. చిత్తూరు మామిడి గారి చింతబరికెకు కాలం చెల్లి ఇరవై ఏళ్ళు దాటింది.

మూడోది ముఖ్యం. 2015 బాలల న్యాయ చట్టం, సెక్షన్ 75. పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవాళ్ళు కొడితేనే నేరం అనుకుంటారు అందరూ. వదిలెయ్యడం, కావాలని నిర్లక్ష్యం చెయ్యడం కూడా అందులో ఉన్నాయి, దానివల్ల పిల్లలకు అనవసరమైన బాధ కలిగే అవకాశం ఉంటే. మామూలుగా మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లలను చూసుకోవలసిన సంస్థలో పనిచేసేవాళ్ళు చేస్తే ఐదేళ్ళు, ఐదు లక్షల దాకా పోతుంది.

ఇవన్నీ చెప్పింది రేపే కేసు పెట్టమని కాదు. గేటు దగ్గర ఆపినందుకు కేసు పెడితే నిలుస్తుందని నేను హామీ ఇవ్వను. ఊరికే తెలిసి ఉంటే మాట్లాడేటప్పుడు గొంతు వణకదు. రాతపూర్వకంగా ఒక లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకోండి. వినకపోతే అప్పుడు మండల విద్యాశాఖాధికారి, ఆపైన డీఈవో. పిల్లలు అప్పటికప్పుడు ప్రమాదంలో ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి, ఆ నంబరు పిల్లల కోసమే.

భవానీనగర్_అమ్మ
చాలా థాంక్స్ సార్. ముద్ర సంగతి నాకు తట్టనే లేదు. ఇంకో భయం కూడా ఉంది. ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు ఉండాలి కదా. గేటు బయట నిలబడ్డ రోజు ఆబ్సెంటే పడుతోంది.

చిత్తూరు_మామిడి
వకీలు గారూ, చట్టాలు చదివి పిల్లలు బాగుపడరు. టీచర్ల చేతులు కట్టేశారు. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక హెడ్మాస్టరు పిల్లలను ఏమీ అనలేక, వాళ్ళ ముందే సాష్టాంగపడి, తనే గుంజిళ్ళు తీశారు. వీడియో అందరూ చూశారు. ఒక పెద్దమనిషికి ఆ గతి పట్టిందంటే ఎవరి తప్పు?

లెక్కల_మేడమ్
ఆ వీడియో మా స్టాఫ్‌రూమ్‌లో ఒక వారం నడిచింది. సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. మిగతా సగం, మనం తీస్తే మోకాళ్ళు లేస్తాయా అని లెక్కలేసుకున్నారు.

రిటైర్డ్_పీఈటీ_పుత్తూరు
నేను 34 ఏళ్ళు పీఈటీగా చేశా, అన్నీ సర్కారు బళ్ళే. డిసిప్లిన్ అంటే ఆ రోజుల్లో పీఈటీ చేతికి ఇచ్చేవాళ్ళు. గోడకుర్చీ, గుంజిళ్ళు, గ్రౌండ్ చుట్టూ రౌండ్లు, అన్నీ వేయించినవాణ్ణే. అందుకని ఇక్కడ నీతులు చెప్పను.

ఒక ఏప్రిల్‌లో, ఒంటిపూట బడులప్పుడు, లేటుగా వచ్చిన ఒక తొమ్మిదో తరగతి వాడిని మూడు రౌండ్లు కొట్టమన్నా. మూడోదాంట్లో పడిపోయాడు. నీళ్ళు చల్లి లేపితే మొదటి మాట "సార్ ఇంకో అర రౌండు ఉంది" అన్నాడు. పొద్దున ఏం తిన్నావురా అంటే ఏమీ లేదు. వాళ్ళమ్మ మల్లెపూలు కోసే కూలీకి తెల్లవారుజామున నాలుగింటికే పోతుంది, చెల్లెల్ని లేపి తయారుచేసి బడికి దింపి వచ్చేసరికి వీడికి లేటు. రోజూ లేటెందుకని నేను అంతవరకు అడగనే లేదు.

ఆ తర్వాత నా రూలు మార్చుకున్నా. లేటుగా వచ్చినవాడు ముందు లోపలికి రావాలి. రిజిస్టర్‌లో పేరు, టైము, కారణం వాడి చేత్తోనే రాయాలి. మొదటి పీరియడ్ అయ్యేదాకా వరండాలో కూర్చుని పుస్తకం చదవాలి. మూడోసారి పేరు పడితే ఇంటికి కబురు. నెలాఖరుకు ఆ రిజిస్టర్ తిరగేస్తే పేర్లు పదీ పన్నెండే, మళ్ళీ మళ్ళీ అవే. బడి మొత్తం లేటు కాదు. ఆ పది ఇళ్ళల్లో ఏదో ఉంది. బస్సు లేకపోవడమో, తాగే తండ్రో, జబ్బు పడ్డ ముసలామో. గేటు వేస్తే ఆ రిజిస్టరే ఉండదు కదా.

టెన్త్_బ్యాచ్_బాబు
సార్ మీరు మా స్కూలుకు రండి.

రిటైర్డ్_పీఈటీ_పుత్తూరు
వస్తే ముందు నీ దోస్తు దగ్గరున్న నాలుగు లెటర్లు పట్టుకుంటా.

కొర్లగుంట_ఆటో
పెద్దసారు చెప్పినట్టు ఆ పదిండ్లు నాకు కూడా తెలుసు. ఎవురింటి ముందర ఎంతసేపు నిలబడాల్నో చెప్పగలను.

గంగమ్మగుడి_వీధి
టాపిక్ కొంచెం పక్కకు పోతుంది, క్షమించాలి. మాది జుట్టు పంచాయితీ. మా పెద్దోడికి బ్రహ్మోత్సవాలప్పుడు తలనీలాలు ఇస్తామని మొక్కు. పోయిన సంవత్సరం వాడికి డెంగ్యూ వచ్చి గట్టెక్కాడు, అప్పుడు మొక్కుకున్నాం. అప్పటిదాకా కత్తెర పెట్టకూడదు. స్కూల్లో జుట్టు చెవుల మీదకు రాకూడదని రూలు. రోజూ ప్రార్థనలో లైన్లోంచి బయటికి లాగి నిలబెడుతున్నారు. మొక్కు అని చెప్తే "అందరూ అదే చెప్తున్నారు" అంటున్నారు.

పాకాల_ప్యాసింజర్
తిరుపతిలో అందరూ అదే చెప్పక ఇంకేం చెప్తారు తల్లీ.

బెంగుళూరు_బస్సు
నేను తిరుపతిలో చదివేటప్పుడు దీని ఉల్టా కేసు. మా ఫ్రెండు సినిమా కటింగ్ చేయించుకుని వచ్చాడు. సారు ఇంటికి పంపారు. వాళ్ళ నాన్న ఒక్కమాట అనకుండా నేరుగా కొండకు తీసుకెళ్ళి గుండు చేయించి తీసుకొచ్చాడు. మరుసటి రోజు అదే సారు ప్రసాదం తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

లెక్కల_మేడమ్
గంగమ్మగుడి గారూ, మొక్కు నిజమే అయితే తేదీతో సహా రాసివ్వండి. మేము అలాంటివి ఒప్పుకుంటాం. మాకు తలనొప్పి ఎక్కడంటే, ఒకడికి ఒప్పుకుంటే మర్నాటికి ఏడుగురికి మొక్కులు పుడతాయి. ఆ ఏడుగురికీ ఇరుపక్కలా గీతలు గీసిన కటింగే ఉంటుంది. స్వామికి గీతలెందుకు?

నిజం చెప్పాలంటే జుట్టు రూలు ఎందుకు పెట్టారో నాకూ తెలియదు. ఫోన్ రూలుకు కారణం తెలుసు, 2023 ఆగస్టులో ప్రభుత్వమే బళ్ళలో పిల్లల ఫోన్లు నిషేధించింది, మమ్మల్ని కూడా క్లాసుకు ఫోన్ తీసుకుపోవద్దంది. జుట్టుకు మాత్రం "నీట్‌గా ఉండాలి" అన్నది తప్ప వేరే జవాబు నేనెప్పుడూ వినలేదు.

రిటైర్డ్_పీఈటీ_పుత్తూరు
పేలు. హాస్టళ్ళు ఉన్న బళ్ళలో అలా మొదలైంది. తర్వాత కారణం పోయింది, రూలు మిగిలింది.

తిరుచానూరు_అక్క
మగపిల్లల జుట్టు గురించి పది పోస్టులు వేశారు. ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా పాప స్కూల్లో రూల్సు చూడండి. రెండు జడలు మడిచి రిబ్బను కట్టాలి. మెట్లు వేరు. మగపిల్లలతో మాట్లాడితే ఇద్దరికీ వార్నింగ్, కానీ ఇంటికి ఫోన్ చేసేది ఆడపిల్ల ఇంటికే. చున్నీకి నాలుగు చోట్ల పిన్ను. ఇన్ని రూల్సు సేఫ్టీ కోసమేనంట.

సరే, సేఫ్టీ కోసమే అనుకుందాం. ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పడానికి ఫిర్యాదుల పెట్టె ఒకటి పెట్టారు. ఎక్కడ? ప్రిన్సిపాల్ గది బయట, సీసీ కెమెరా కింద. చీటీ వేసేటప్పుడు ఎవరు వేశారో ఆఫీసులో కూర్చుని చూడొచ్చు. తాళం చెవి ఎవరి దగ్గర ఉందని పేరెంట్స్ మీటింగులో అడిగా. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్టెకు తాళం వేసిన రోజు నుంచి ఇంతవరకు తెరవలేదు, చెవి పోయింది.

వకీలు_చంద్రగిరి
అక్కా, ఇది గేటు కన్నా పెద్ద విషయం. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు, జరిగే అవకాశం ఉందని అనిపించినవాళ్ళు కూడా పోలీసులకు చెప్పి తీరాలి. స్కూల్లో అంతర్గతంగా సర్దుకుంటాం అంటే కుదరదు. చెప్పకపోవడమే నేరం, సంస్థ అధిపతి అయితే ఏడాది దాకా జైలు. చెవి పోయిందని నవ్వుకునే విషయం కాదని వాళ్ళకు చెప్పండి.

లెక్కల_మేడమ్
మా దగ్గర పెట్టెను ఆడపిల్లల బాత్రూముల వైపు పోయే దారిలోకి మార్చాం. కెమెరా లేదు. వారానికి ఒకసారి ఇద్దరు టీచర్లు, ఒక పేరెంట్ కలిసి తెరుస్తాం. మొదటి వారం పన్నెండు చీటీలు. తొమ్మిది మధ్యాహ్నం సాంబారు గురించి. ఒకటి నా గురించి, బోర్డు మీద చిన్నగా రాస్తానని. మిగతా రెండు ఇక్కడ రాయను. ఆ రెండింటి కోసమైనా పెట్టె ఉండాలి.

తిరుచానూరు_అక్క
పేరెంట్ కూడా ఉండాలన్నది బాగుంది మేడమ్. రేపే అడుగుతా.

చిత్తూరు_మామిడి
ఇది మాత్రం ఒప్పుకుంటున్నా. మా కాలంలో పెట్టె లేదు, చెప్పుకునే దిక్కూ లేదు. మా క్లాసులో ఒక అమ్మాయి ఎనిమిదిలో ఉన్నట్టుండి బడి మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

బెంగుళూరు_బస్సు
బండ్ల సంగతి కూడా మాట్లాడండి. పోయిన నెల వచ్చినప్పుడు చూశా, ఎయిర్ బైపాస్ రోడ్డులో యూనిఫాంలో ముగ్గురు ఒక స్కూటీ మీద. హెల్మెట్ లేదు. స్కూల్లో బండ్లు తేవొద్దని రూలు ఉండదా?

టెన్త్_బ్యాచ్_బాబు
రూలు ఉంది అన్నా. అందుకే స్కూలుకు రెండు సందుల అవతల ఒక బంకు కొట్టు దగ్గర పెడతారు. బండికి రోజుకు ఐదు రూపాయలు. ఆయనకు బంకు కన్నా పార్కింగే ఎక్కువ వస్తుంది.

వకీలు_చంద్రగిరి
ఐదు రూపాయలతో పోయేది కాదు. 2019లో మోటారు వాహన చట్టాన్ని సవరించారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రో, బండి ఓనరో బాధ్యులు. 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లోడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

పాకాల_ప్యాసింజర్
25 ఏళ్ళ దాకా లైసెన్స్ లేదంటే పెళ్ళిచూపులకు కూడా వాళ్ళ నాన్నే వెనక కూర్చోబెట్టుకుని పోవాలి.

రిటైర్డ్_పీఈటీ_పుత్తూరు
బంకు అంటే గుర్తొచ్చింది. బడికి వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 చట్టం. మా బడి ఎదురుగా ఒకడు అమ్మేవాడు. అడిగితే "వంద గజాలు దాటింది సార్" అన్నాడు. మా దగ్గర పరుగు పందేల టేపు ఉంది కదా. ఇద్దరు పిల్లలను పెట్టి గేటు నుంచి కొలిపించా. వంద గజాలంటే 91 మీటర్ల చిల్లర. వాడిది 38 మీటర్లు. పది మంది ముందు కొలిచేసరికి వాడే డబ్బాలు సర్దుకున్నాడు. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, అది వేరే సంగతి. మళ్ళీ కొలిచాం.

మోడరేటర్
రెండు పోస్టులు తీసేశాం, స్కూళ్ళ పేర్లు, ఒక టీచర్ పేరు రాశారు. పేర్లు లేకుండా మాట్లాడండి. కులం మాట ఎత్తిన వ్యక్తిని వారం పాటు ఆపాం.

పాకాల_ప్యాసింజర్
గేటు వేసేశారన్నమాట.

భవానీనగర్_అమ్మ
అప్‌డేట్ ఇస్తున్నా. పీఈటీ సార్ చెప్పిన రిజిస్టర్ పద్ధతిని తెల్ల కాగితం మీద రాసి, నలుగురు తల్లులం సంతకాలు పెట్టి శనివారం వెళ్ళాం. ఆ ఆరో తరగతి పిల్లల్లో ఒకరి నానమ్మ కూడా వచ్చింది. కరస్పాండెంట్ గారు మొదట 11వ రూలు చూపించారు, మేము సంతకం పెట్టిన కాగితం కూడా చూపించారు. నేను సెక్షన్లు చెప్పడం మొదలుపెట్టా, గొంతు వణికింది, వకీలు గారు ఏమీ అనుకోవద్దు. అప్పుడు ఆ నానమ్మ ఒకటే అడిగింది. "సామీ, మీ ఇంటికి వచ్చిన బిడ్డని రోడ్డు మీద నిలబెడతారా?" ఆయన రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

చివరికి తేలింది ఇది. తొమ్మిది దాకా చిన్న గేటు తెరిచి ఉంటుంది. లేటుగా వచ్చినవాళ్ళు సైకిల్ స్టాండ్ రేకుల కింద మొదటి పీరియడ్ అయ్యేదాకా కూర్చోవాలి. మూడుసార్లు లేటైతే పేరెంట్స్‌ని పిలుస్తారు. తొమ్మిది తర్వాత వస్తే ఇంటికి ఫోన్ చేసి చెప్పాకే ఏదైనా. ఎవరినీ ఒంటరిగా తిప్పి పంపరు. 34వ రూలు తీసేస్తారా అంటే "వచ్చే సంవత్సరం అచ్చు వేసేటప్పుడు చూద్దాం" అన్నారు. కాపీ మీద ముద్ర వేశారు. లేత ఊదా రంగు, సగమే పడింది, చాల్లే అనుకున్నా.

చిత్తూరు_మామిడి
నానమ్మే గెలిపించింది. చట్టం కాదు.

వకీలు_చంద్రగిరి
నానమ్మ వాదన ముందు నేను ఫీజు తీసుకోను.

లెక్కల_మేడమ్
రేకుల కింద ఎవరు కాపలా ఉంటారో అడిగారా? ఆ డ్యూటీ ఎవరో ఒక టీచర్ మీద పడుతుంది. తన ఖాళీ పీరియడ్ పోతుంది. వీలైతే మొదటి రోజు ఆమెకు ఒక థాంక్స్ చెప్పండి.

భవానీనగర్_అమ్మ
అడగలేదు మేడమ్. నిజంగా తట్టలేదు. కనుక్కుని చెప్తా.

గంగమ్మగుడి_వీధి
మా వాడి మొక్కు లెటర్ తీసుకున్నారు. తేదీ దాటితే మాత్రం స్కూలే కత్తిరిస్తుందంట. స్వామి కన్నా వీళ్ళే గట్టిగా లెక్క పెట్టుకున్నారు.

భవానీనగర్_అమ్మ
ఈరోజు మళ్ళీ రైల్వే గేటు పడింది. 9:05కి నాకు మెసేజ్ వచ్చింది, మీ అబ్బాయి 8:53కి వచ్చాడు అని. ఆఫీసులో చదువుకుని ఫోన్ పక్కన పెట్టి టీ తాగా.

టెన్త్_బ్యాచ్_బాబు
ఆంటీ, మాది కూడా మీ స్కూలే అని ఇప్పుడు అర్థమైంది. ఆ మెసేజ్ మా నాన్నకు కూడా వచ్చింది. 9:05కే ఫోన్ చేశాడు. నేను ఇంట్లో బయల్దేరింది ఏడున్నరకు.

పాకాల_ప్యాసింజర్
రైల్వే గేటు అని చెప్పెయ్ తమ్ముడూ.

టెన్త్_బ్యాచ్_బాబు
మా ఇల్లు స్కూలు వెనక సందు అన్నా.